చితుకులు పేర్చి వెళ్లిన దొంగ

ఈస్టర్ సెలవులు ఇంకా మొదలవకముందే తోర్‌గైర్ దొంగతనానికి బయలుదేరాడు.

కొండమీద పట్నంవాళ్ల చెక్క ఇళ్లున్నాయి. చలికాలమంతా వాటి పైకప్పుల మీది మంచు తోసేది అతనే. తాళంచెవులన్నీ అతని దగ్గరే ఉంటాయి. అయినా తను ఎంచుకున్న ప్రతి ఇంటి వెనక కిటికీ గడియనూ ఉలితో పెళ్లగించి, అందులోంచే దూరాడు. పరాయి దొంగ వచ్చాడనుకోవాలి మరి.

వెండి చెంచాలు ముట్టుకోలేదు. మందు సీసాల వైపు చూడలేదు. అరల్లో ఉన్న క్రైమ్ నవలలన్నీ గోనెసంచిలో వేసుకున్నాడు. కొండెక్కి, నారింజలు ఒలుచుకుంటూ నాలుగు హత్యలు చదవకపోతే నార్వేవాడికి ఈస్టర్ వచ్చినట్టే ఉండదు. ఆ వారం పాల డబ్బాల మీద కూడా హత్యకథే అచ్చేస్తారు. అందుకని ఏడాది పొడవునా కొన్న పుస్తకాలన్నీ తెచ్చి ఆ అరల్లోనే దాచుకుంటారు.

ఖాళీ అయిన ప్రతి అరలోనూ ఒక్కటే పుస్తకం పెట్టాడు. ‘పాల షెడ్డులో శవం’. అట్ట మీద ఉన్నది మారుపేరు. రాసింది తోర్‌గైరే.

ఆవుల పక్కన పీట వేసుకుని రాశాడు దాన్ని. పెద్ద ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరికి సొంతంగా అచ్చు వేయించాడు. ఊళ్లో పుస్తకాల షాపు ఆవిడ దాన్ని అల్లికల పుస్తకాల వెనక్కి తోసేసింది. ఒక్కడూ కొనలేదు. ఎవడో ఒకడు చివరిదాకా చదివితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాడు తోర్‌గైర్. పండక్కి షాపులు మూసేస్తారు. కొండమీద ఫోను సిగ్నలు అందదు. ఇక చదవక ఎక్కడికి పోతారు? పండగ వెళ్లాక ఎవరి పుస్తకాలు వాళ్ల ఇంట్లో పెట్టేద్దామనే అతని ఉద్దేశం.

గుడ్ ఫ్రైడే నాటి మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చి గుమ్మం ముందు ఆగింది. సిన్నేవ దిగింది. ఆ లోయకంతటికీ ఆమె ఒక్కతే పోలీసు. చిన్నప్పుడు తోర్‌గైర్‌తో ఒకే బడిలో చదువుకుంది.

“కాఫీ ఉందా, అది కూడా ఎవరింట్లోంచైనా తేవాలా?” అంది బూట్లకంటిన మంచు దులుపుకుంటూ.

“అదేం మాట సిన్నేవా?”

“కొండమీద దొంగలు పడ్డారు. వినలేదూ? ఒకాయన స్కీలేసుకుని కిందికొచ్చి మరీ చెప్పిపోయాడు.”

“పట్నంనుంచి వచ్చుంటారు.”

“నేనూ అదే అనుకున్నా. కానీ ఎంత మర్యాదస్థుడయ్యా ఆ దొంగ! ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన కట్టెలు సన్నగా చీల్చి, చితుకులు పేర్చి మరీ వెళ్లాడు.”

తోర్‌గైర్ తన పొయ్యి పక్కనున్న చితుకుల వైపు చూశాడు. కొండమీద ఏ ఇంట్లో అడుగు పెట్టినా, తర్వాత వచ్చేవాళ్ల కోసం చితుకులు పెట్టకుండా బయటికి రాకూడదు. అక్కడ పుట్టినవాళ్లకు అది ఊపిరి పీల్చినంత అలవాటు. ఎప్పుడు చీల్చాడో, ఎప్పుడు పేర్చాడో అతనికే తెలియదు.

“పట్నంవాడికి గొడ్డలి ఎటుపట్టుకోవాలో తెలీదు. చితుకు కొసని పువ్వులా చెక్కేవాడు ఈ లోయలో నువ్వు కాక ఇంకెవడున్నాడో చెప్పు.”

అతను కాఫీ పోసి ఆమె ముందు పెట్టాడు. తాళంచెవులు పోతాయి, బతుకుతెరువు పోతుంది. అది సరే. ఆ పుస్తకం ఎవరు రాశారో బయటపడితే లోయంతా పడీపడీ నవ్వుతుంది. అయినా ఒప్పుకోక తప్పలేదు.

“ఇళ్లెలా ఎంచుకున్నావ్?” అడిగింది సిన్నేవ.

“రోడ్డు లేనివి.”

“కిందికి రావాలంటే బద్ధకించేవాళ్లవి అన్నమాట. ఇక పుస్తకం?”

“అరలో. కళ్లెదురుగా, అదొక్కటే.”

“ఎవరూ చూడలేదా?”

“లేదు.”

ఆమె అన్నీ శ్రద్ధగా విని, ఇంకో కప్పు కాఫీ పోసుకుంది.

తోర్‌గైర్ ఉండబట్టలేక అడిగాడు. “చదివారా?”

“చదవడమా! నేను విచారణకి వెళ్తే తలెత్తి చూసినవాడు లేడు. ఒకింట్లో మొగుడూ పెళ్లాం పుస్తకాన్ని మధ్యకి చింపి పంచుకున్నారు. ఇంకో ఇంట్లో హంతకుడు పశువుల డాక్టరని తండ్రి, కాదు పాలవాడని కొడుకు, అన్నాలు మానేసి వాదులాట. చెప్పిపోయినాయన దగ్గరికెళ్లి ఫిర్యాదు రాసివ్వమంటే, ఉండు తల్లీ, ఇంకొక్క అధ్యాయం అన్నాడు. నేనూ చదివాను. బాగుంది. అదే నా ఏడుపు.”

తోర్‌గైర్‌కి అది చాలు. జైలైనా ఫరవాలేదనిపించింది. చేతులు రెండూ ముందుకు చాపాడు.

“పద.”

సిన్నేవ సంచీ తెరిచింది. బయటికొచ్చింది బేడీలు కాదు, లావాటి పుస్తకం. గులాబీ రంగు అట్ట. సముద్రపు ఒడ్డున ఒక జంట కౌగిలించుకుని ఉంది. రాసినవాళ్ల పేరు తోర్‌గైర్ ఎప్పుడూ విననిది.

“ఎవరు రాశారిది?”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “ప్రేమకథ. స్టేషన్‌లో ఊరికే కూర్చుని ఏం చెయ్యమంటావ్? కానీ ఈస్టర్‌కి మనవాళ్లు శవం లేని పుస్తకం ముట్టుకోరు కదా. వచ్చే పండక్కి ఇలాగే కిటికీల్లోంచి వెళ్లు. శవాలున్నవన్నీ ఎత్తుకొచ్చేసి, ఇది పెట్టు. నేను కొండవైపు రాను.”

తోర్‌గైర్ చేతులు దించాడు. “ఓస్, అంతేనా! నాదీ నీదీ పక్కపక్కనే పెడతా.”

“పక్కన నీది ఉంటే నాదెవడు చదువుతాడు?” అంది సిన్నేవ టోపీ పెట్టుకుంటూ. “ముందు ఎత్తుకు రావాల్సింది నీదే.”