మిగతా సోది

“గదులన్నిటికీ కొత్త పరుపులు వేయిస్తానన్న లాడ్జి పెద్దాయన ఆర్డరు ఊసే ఎత్తడేంరా?” పరుపుల వ్యాపారి బల్ల మీద చరిచాడు.

బావమరిది కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. “తొందరపడకు బావా. నీ నంబరు నుంచే, నీ పేరుతో, ఏఐ ఆయనకి రోజూ మెసేజ్‌లు పెడుతోంది. అచ్చం నీలాగే రాస్తుంది. ఆర్డరన్న మాటొస్తే నాకు చూపిస్తుంది. మిగతా సోదంతా అదే చూసుకుంటుంది.”

“సోదా! ఇన్నేళ్లూ ఆ సోదితోనేరా మన పొయ్యి వెలిగింది. పరుపు ఎవడైనా కుడతాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు. దీనికి అసలు నోరేదిరా?”

“నీ ఇష్టం. మధ్యలో నువ్వెళ్తే చెడగొడతావ్.”

వ్యాపారికి ఒళ్లు మండిపోయింది. ఈ ఆర్డరు పోతే వచ్చే నెల కుట్టు మిషన్లు మూలపడతాయి, కుట్టేవాళ్లని ఇంటికి పంపెయ్యాలి. వీడికి చీమ కుట్టినట్టయినా లేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టి బయల్దేరాడు.

దారి పొడుగునా ట్రాఫిక్. బావమరిదినీ, వాడి మరనీ, దాన్ని కనిపెట్టినవాణ్ణీ వరసపెట్టి తిట్టుకున్నాడు. మనిషికీ మనిషికీ మధ్య ఆ దిక్కుమాలిన గొడవేమిటి? పలకరింపులు కూడా కూలికిచ్చే రోజులొచ్చాయి!

లాడ్జి మెట్లెక్కేసరికి పెద్దాయన తాళాల బల్ల వెనక నుంచి గబగబా లేచి వచ్చాడు. వ్యాపారి చేతులు రెండూ పట్టుకున్నాడు.

“వచ్చావా తమ్ముడూ! నువ్వొస్తావని నాకు తెలుసు.”

“రాకుండా ఎలా ఉంటాను అన్నగారూ?”

“ఇంకో కంపెనీవాడు తక్కువకిస్తానని చుట్టూ తిరుగుతున్నాడు. పొమ్మన్నాను. నీలాంటి మనిషిని వదులుకుంటానా? ఆర్డరు ఇప్పుడే రాసిస్తాను, కూర్చో.”

వ్యాపారికి పొద్దుట్నుంచీ పట్టిన చిరాకంతా దిగిపోయింది. వెళ్లగానే ఆ వెధవ చెవి మెలేసి చెప్పాలి, మనిషి వెళ్తే పని ఎలా అవుతుందో! ఉత్సాహంగా కుర్చీ లాక్కున్నాడు.

“ఆర్డరుకేం తొందర అన్నగారూ! ముందు వదినగారిని పిలవండి. ఆవిడ చేతి కాఫీ తాగి ఎన్నాళ్లయిందో.”

పెద్దాయన చేతిలోని కలం ఆగిపోయింది. తలెత్తి వ్యాపారి మొహంలోకి చూశాడు.

“పోయిన నెల ఆవిడ కన్నుమూసిందని అందరికంటే ముందు నీకే కదా తమ్ముడూ చెప్పుకున్నాను... అప్పట్నుంచీ రోజూ నన్ను ఓదారుస్తున్నది నువ్వు కాదా?”