క్లైమాక్స్ రాగానే రిమోట్ ఖరాబ్

“హీరో సచ్చిపోవుడేంది పిల్లా? గా పిల్లను పెండ్లి జేసుకున్నడు, రుద్రూర్ దిక్కు చెరుకు తోట కొన్నడు. మంచి సినిమా. పాటలే జర ఎక్కువైనయ్.”

ఖరాఖండిగా చెప్పేసి రాధాబాయి మళ్లీ బొంత కుట్టుకోసాగింది. ఫోన్‌లో వీడియో తీస్తున్న అంకిత నోరు తెరిచింది. ఆ పాత సినిమా ఆమె మొన్ననే చూసింది. హీరో కత్తిపోటు తిని రైలు పట్టాల మీద ప్రాణం వదిలాడు. చెరుకు తోట కాదు కదా, సినిమా మొత్తంలో చెరుకు ముక్క కూడా లేదు.

“గట్ల కాదవ్వా, ఆఖరికి...” అంటుండగానే వంటింటి గడపలో కోడలు పుష్పలత రెండు చేతులూ జోడించింది. వద్దు వద్దని తల ఊపింది.

“...నేనే వేరే సినిమా అనుకున్న తియ్యి,” అని అంకిత సర్దుకుంది.

శక్కర్‌నగర్‌లోని ఆ ఇంటి మేడ మీద అంకిత అద్దెకు దిగి నెల కూడా కాలేదు. కళ్లకు పొరలొచ్చిన అవ్వ టీవీ ముందు చెవొగ్గి కూర్చుంటే, కోడలు పక్కనే ఉండి తెర మీద జరిగేదంతా చెబుతుంది. ఆ సినిమాల మీద అవ్వ విసిరే ముక్కలను అంకిత ఫోన్‌లో పెడితే జనం ఎగబడి చూస్తున్నారు.

నలుపు తెలుపు అన్నదమ్ముల సినిమాకు, “అన్న మంచోడే గని ఊకె ఏడుస్తడు.” ఈ మధ్యే వచ్చిన కత్తుల సినిమాకు, “పొద్దుమాపు కత్తి తిప్పుతనే ఉంటడు, వీడు అన్నం ఎప్పుడు తింటడో!” కాలేజీ ప్రేమ సినిమాకు, “పిల్ల ముద్దుగుంది. గా పచ్చ అంగే నప్పలే.”

అంగీ రంగుతో సహా చెబుతుందంటే పుష్పక్క ఓపికే ఓపిక అనుకుంది అంకిత. చిత్రమేమిటంటే, అవ్వ సినిమాల్లో ఎవరూ చావరు. అవ్వ అసలు ఏ సినిమా చూసిందని వీడియోల కింద ఒకటే ప్రశ్నలు. అదేమిటో తేల్చుకుందామనే ఇవాళ వచ్చింది. మెల్లగా లేచి వంటింట్లోకి నడిచింది.

“ఏందక్కా ఇది?”

పుష్పలత గొంతు తగ్గించింది. “మా ఆయన పోయినంక సావు మాట ఇంటే అత్తమ్మ అన్నం బుక్క ముడుతలేకుండె. గందుకే క్లైమాక్స్ రాంగనే సౌండ్ బంద్ చేస్త. రిమోట్ ఖరాబైందని చెప్పి నేనే కథ మారుస్త. కండ్ల ఆపరేషన్ చేయించినం గని ఇంక మసక మసకనే ఉన్నదంటది. నీకు దండం పెడత, చెప్పకు చెల్లె. తెలిస్తే నన్ను మళ్ల నమ్మది.”

“నీ మీద ఒట్టు, చెప్పనక్కా.”

పుష్పలత బయటికొచ్చి, సూదికి దారం ఎక్కించి అత్త చేతిలో పెట్టి పాలకు వెళ్లింది. గేటు చప్పుడైంది.

“పోయిందా?” అవ్వ అడిగింది.

“పోయిందవ్వా.”

“గా రిమోట్ ముచ్చట ఇన్నవా? సరిగ్గ క్లైమాక్స్‌లనే ఖరాబైతది,” అని అవ్వ ముసిముసిగా నవ్వింది.

అంకిత టక్కున అందుకుంది. “పాతదైంది గదవ్వా, గట్లనే అయితది.”

అవ్వ బొంతను దగ్గరికి లాక్కుంది. “నా కొడుకు పోయినంక నా కోడలు నోరు మూసుకున్నది బిడ్డా. తిన్నవా అంటే తిన్న, పన్నవా అంటే పన్న, గంతే. నాకు మస్తు భయమైంది. నా కండ్లు పోయినంక, సినిమా చెప్పు సినిమా చెప్పు అని సతాయించిన. గప్పుడు తెరిచింది నోరు. ఇప్పుడు సూడు, గంటలకు గంటలు చెప్తది, నవ్వుతది గూడ. మళ్ల గట్ల మూగదైతే నేను బతుక.”

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంకితకు కూడా ఏడుపొచ్చినంత పనైంది. అయినా, అసలు సంగతి అవ్వకు తెలియదు కదా అని ఊపిరి పీల్చుకుంది.

సూదిలో దారం అయిపోయింది. అవ్వ ఉండ నుంచి కొత్త దారం తెంపింది.

“గని పాపం, గా హీరో పట్టాల మీద పడ్డప్పుడు నా పానం గిలగిల కొట్టుకున్నది.”

“పట్టాలా? నీకెవరు చెప్పిండ్రవ్వా?”

“సూసిన,” అంటూ అవ్వ ఒక్క పోటుకే సూదిలో దారం ఎక్కించింది.