తేలిక సంచి

గల్ఫ్‌లో పనిచ్చిన యజమాని, కఫీల్, వేటలో దొరికే మాంసం మోయడానికి వీపుకు తగిలించుకునే సంచి కావాలంటే, నయీమ్ అంగట్లో అన్నిటికంటే తేలికైనదాన్ని రాజనర్సే ఏరి కొన్నాడు. పొద్దుగూకాక కఫీల్ కుందేళ్ల మాంసం అందులో నింపించి, "ఒక్క తునక తగ్గినా నీకు ఖలాస్, ఊరికి పంపిస్తా" అని జీపెక్కి వెళ్లిపోయాడు.

ఇసుకలో డేరా దాకా నడక. ముందు లాంతరుతో తోటి పనివాడు పోశన్న. అడుగడుగుకూ రాజనర్సు వీపు మీద బరువు పెరుగుతోంది.

"అన్నా, నా ఎనుక ఏదో నములుతుందే."

"ఆకలైనోనికి అట్లనే ఇనిపిస్తది. మాంసం తగ్గితే నువ్వు ఊరికి, నేను నీ మంచం మీదికి. నడువ్."

రాజనర్సు ఆగాడు. నమిలే చప్పుడూ ఆగింది. ఊళ్లో ఏ బరువైనా నెత్తినే మోసిన మనిషి. వీపు మీదిది కంటికి కనబడదని, చేతికి అందదని ఇప్పుడే తట్టింది. సంచి వీపు నుంచి దించి, తువ్వాలు చుట్టచుట్టి, నెత్తిన పెట్టుకున్నాడు.

సంచి ఖాళీ గోతంలా తేలిగ్గా ఉంది.

పోశన్న లాంతరెత్తి వెనక్కి చూశాడు. రాజనర్సు భుజం మీదుగా దేన్నో చూస్తూ, ఒక్కో అడుగే వెనక్కి వేశాడు.

రాజనర్సు వీపు మీద బరువు మాత్రం దిగలేదు.