కదలని ముల్లు

“ఆదివారం సాయంత్రానికి ఈ కారు అమ్ముడుపోకపోతే, సోమవారం పొద్దున్నే పాత ఇనుము వాణ్ణి పిలిచేస్తాను. ఆ షెడ్డులో నా కుట్టుమిషన్లు పెట్టుకోవాలి,” అని తేల్చి చెప్పింది భార్య.

రేసు బాబాయి గుండె జారిపోయింది. వీధి వీధంతా ఆయన్ని అలా పిలిచేది ఆ ముసలి ఎర్ర స్పోర్ట్స్ కారుని చూసే. దాన్ని ముక్కలు చేస్తారన్న ఊహకే కళ్ళు చెమర్చాయి.

మెకానిక్ ఇంకాస్త ఏడిపించాడు. “ఇంజిన్ బాగా అరిగిపోయింది బాబాయ్. ఆయిల్ ప్రెషర్ ముల్లు చూడు. ఇంజిన్ తిరుగుతుంటే లేచి నిలబడాలి, ఆపేస్తే పడుకోవాలి. నీది తిరుగుతున్నా పడుకునే ఉంది. తెలిసినవాళ్ళు ముందు చూసేది దాన్నే.”

బాబాయి చెవికెక్కింది ఆ చివరి ముక్క ఒక్కటే. ఇంటికొచ్చి మీటరు అద్దం ఊడదీశాడు. ముల్లుని దర్జాగా పైకి లేపి, చుక్క బంకతో అంటించేశాడు. ఆదివారం పొగగొట్టంలో మసి తుడిచాడు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే గలగలా మోగి పరువు తీస్తుందని, ముందే కాసేపు నడిపి వేడెక్కించాడు. తర్వాత వంటింట్లోకెళ్ళి తీరిగ్గా కాఫీ తాగి, “ఇక ఏ మొనగాడొస్తాడో రానీ,” అని మీసం దువ్వుకున్నాడు.

వచ్చింది మొనగాడు కాదు, పళ్ళ డాక్టరమ్మ. బాబాయి ప్రాణం లేచొచ్చింది. పళ్ళు పీకే మనిషికి పిస్టన్ల సంగతేం తెలుస్తుంది!

ఆవిడ బానెట్ మీద చెయ్యి వేసింది. “వెచ్చగా ఉందే?”

“ఎండకండీ,” అన్నాడు షెడ్డు నీడలో నిలబడి.

ఆవిడ వంగి పొగగొట్టంలోకి చూసింది. “ఎంత శుభ్రంగా ఉందో! నా దగ్గరికొచ్చే రోజు పేషెంట్లు కూడా ఇలాగే తోముకొస్తారు.”

బాబాయి అవసరానికి మించి నవ్వాడు. ఆవిణ్ణి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తలుపులోంచి వంగి మీటరు మీద వేలు పెట్టాడు.

“అవన్నీ పైపై విషయాలు. అసలు చూడాల్సింది ఇది, ఆయిల్ ప్రెషర్! అరిగిన ఇంజినైతే ఈపాటికి ముల్లు సాష్టాంగపడేది.”

“ఇప్పుడు ఇది చూపిస్తున్నది నిజమైన ప్రెషరేనా?”

“నా మాట నమ్మకండి, మీ కళ్ళని నమ్మండి! వణుకూ లేదు, బెణుకూ లేదు. గుండ్రాయి లాంటి ఇంజిన్!”

డాక్టరమ్మ ముల్లునీ ఆయన్నీ మార్చి మార్చి చూసి పెదవులు బిగబట్టింది. కొనాలన్న ఆత్రం ఆపుకుంటోందనుకుని బాబాయి పొంగిపోయాడు.

అంతలో భార్య చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

“ఏమండీ, తాళంచెవి వంటగట్టు మీదే మర్చిపోయారు. కారు స్టార్ట్ చేసి చూపించరా?”