నొప్పి ఉన్నవాళ్ళు చేయెత్తండి

గాజుగోడల సమావేశ మందిరంలో నీలిరంగు చాపలు మూడు వరుసలుగా పరచి ఉన్నాయి. ఒక్కటి మాత్రం చుట్టింది చుట్టినట్టే మూలన నిలబెట్టి ఉంది.

అది మల్లమ్మది.

ఆ నేలను రోజూ తుడిచే ఆడవాళ్ళే శనివారం ఉదయం ఆ నేలమీద ఆసనాలు వేస్తారు. వాళ్ళ నడుము నొప్పులు పోగొట్టాలని కంపెనీ వాళ్ళు ఉచితంగా యోగా నేర్పిస్తున్నారు.

"మల్లమ్మ గారు రాలేదా?" అడిగింది టీచరు రసజ్ఞ.

"ఆవిడకి బరువు పని చెప్పొద్దని మీరే అన్నారు కదండీ," అన్నాడు మేనేజరు పార్థసారథి. "పూర్తిగా రెస్ట్ ఇచ్చేశాం."

రసజ్ఞ ముఖం వెలిగింది.

"థాంక్సండీ. ఇంత శ్రద్ధ ఎవరు తీసుకుంటారు!"

రెండో వరుసలో కనకమ్మ, పక్కనున్న రజిత ఒకరినొకరు చూసుకున్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు మల్లమ్మ మెడలోంచి గుర్తింపు కార్డు లాక్కున్నప్పుడు ఇద్దరూ అక్కడే ఉన్నారు. గోపన్‌పల్లిలోని ఆమె కిరాయి గదికి ఇప్పుడు తాళం వేలాడుతోంది.

"నడుము నొప్పి ఉన్నవాళ్ళు చేయెత్తండి. భయమేం లేదు, తేలిక ఆసనాలు వేయిస్తాను."

పోయిన వారం మల్లమ్మ ఎత్తింది.

ఈ వారం ఒక్క చేయీ లేవలేదు.

"చూశారా సార్, అందరికీ తగ్గిపోయింది!"

పార్థసారథి తలుపుకు ఆనుకుని, ఒక్కొక్కరి వీపునూ చూస్తున్నాడు.

"నిన్న బకెట్ లేపనీకి రాలే నీకు. గిప్పుడు ఎట్ల వంగుతవక్కా?" గుసగుసలాడింది రజిత.

"ఊకోయే. పని పోతె, మంచంల వడ్డ మీ బావకు నువ్వొచ్చి గంజి పోస్తవా?"

"పోస్త తియ్. నీ లెక్క ఉప్పెక్కువెయ్య."

కనకమ్మ నవ్వబోయి, నడుము గుర్తొచ్చి ఆగిపోయింది.

కాళ్ళు చాపి కూర్చుని ముందుకు వంగమంది రసజ్ఞ. కనకమ్మ వంగింది. వేళ్ళు కాలి బొటనవేళ్ళను తాకాయి.

"సూపర్ కనకమ్మ గారూ! ఇంకొంచెం..."

తలుపు దగ్గరి కళ్ళు తన మీదికి తిరగడం కనకమ్మ చూసింది.

ఇంకొంచెం వంగింది.

లోపల ఏదో పుటుక్కుమంది. అరుపు పళ్ళ మధ్యే ఆగిపోయింది.

"ఇక అందరూ వెల్లకిలా పడుకోండి. శవాసనం."

రజిత ఎవరికీ కనిపించకుండా కనకమ్మ వీపు కింద చేయి వేసి, మెల్లగా వాల్చింది.

"రజితా..."

"ఏందక్కా?"

"కాళ్ళు నావి గానట్టున్నయే."

రజిత అవతలి చాప వైపు తల తిప్పి ఏదో చెప్పింది. ఆ చాప మరో చాపకు చెప్పింది. గుసగుస మూడు వరుసలూ తిరిగి ఆగిపోయింది.

"కళ్ళు తెరవండి. మెల్లగా కుడివైపు తిరిగి లేచి కూర్చోండి."

ఎవరూ కళ్ళు తెరవలేదు.

"అయిపోయిందమ్మా, లేవండి."

ఎవరూ లేవలేదు.

"ఎంత హాయిగా ఉన్నారో చూడండి సార్," మురిసిపోయింది రసజ్ఞ.

పార్థసారథి గాజు తలుపు మూశాడు.

"ఒక్కొక్కరినే లేపి చూద్దామండి."

బూట్ల చప్పుడు మొదటి వరుస నుంచి మొదలైంది.