చప్పుడు డబ్బా

పండరి చేతిలోంచి కంప్యూటర్ డబ్బా పక్క రేకు జారి గచ్చు మీద పడింది. ఆ మోతకు వాకిట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. జానెడు దూరంలో బొంత మీద నిద్రపోతున్న ఏడు నెలల మహిత మాత్రం కదల్లేదు.

"అరే, పిల్ల లేస్తదేమో వదినె," అంటూ పండరి రేకు ఎత్తి గోడకు ఆనించాడు.

యమున పాప ముఖంలోకే చూస్తోంది. కనురెప్ప కూడా అదరలేదు.

"లేవదు," అంది.

"అదృష్టమంతురాలివి. మా చిన్నోడైతే పక్కింట్ల తుమ్మినా లేస్తడు."

"అదే నా ఫికరు పండరి. మొన్న అంగన్‌వాడీ టీచర్ ఇంటికొచ్చి దీని ఎనుక నిలబడి చప్పట్లు కొట్టింది. తిరుగలే. గిన్నెలు పడ్డా గంతే, తలుపు కొట్టినా గంతే. రేపు దవాఖానల చెవుల పరీక్ష ఉన్నది."

గడప దగ్గర చింతపండు గింజలు తీస్తున్న అత్త రాములవ్వ తల ఎత్తలేదు. "రాత్రంత ఏడ్చి ఏడ్చి పగలు పంటాంది, గంతే. దీని అయ్య గూడ గట్లనే. ఇప్పటికీ నేను పిలిస్తె పలుకడు. వానికేమన్న చెవుడా?"

"నువ్వు పిలిచేదే పని చెప్పనీకె గద పెద్దమ్మా, ఎట్ల పలుకుతడు?" అన్నాడు పండరి.

యమున నవ్వలేదు. అమావాస్య కావడంతో గోడ అవతల రోజూ పగలంతా మోగే మరమగ్గాలు ఆగి ఉన్నాయి. ఇంట్లో ఉన్న చప్పుడంతా ఈ కంప్యూటర్‌దే. దాని మీద ఆమె భర్త మహిపాల్ జంపఖానాల డిజైన్లు గీస్తాడు. పొద్దున వేసింది మొదలు గర్రుమంటూనే ఉంది. మోత పోగొట్టమని కంప్యూటర్లు బాగుచేసే పండరికి చెప్పి, అతను పని మీద స్టేషన్ ఘన్‌పూర్ పోయాడు.

"దీంట్ల మూడు ఫ్యాన్లున్నయి. ఏది మొత్తుకుంటాందో ముందుగాల పట్టాలె," అన్నాడు పండరి. స్క్రూడ్రైవర్ మొన డబ్బాకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. "నువ్వు గూడ విను వదినె. ఇనుము అన్నీ చెప్తది."

యమున భయంభయంగా పిడికి చెవి ఆనించింది. ఊపిరి బిగబట్టింది. బయటికి ఒక్కటే మోత, లోపల మాత్రం ఎన్నో. ఎక్కడో దూరంగా షెడ్డు నిండా మగ్గాలు ఆడుతున్నట్టు ఒకటి. దాని కింద సన్నగా, ఈల వేసినట్టు ఇంకొకటి. అన్నిటికీ అడుగున, ముసలి మనిషి ఆయాసపడుతున్నట్టు గరగర. మూరెడు డబ్బాలో ఇంత లోకం ఉందా అనుకుంది. వెంటనే పాప వైపు చూసింది. ఇందులో ఒక్కటైనా నా బిడ్డను చేరుతోందా?

"దవాఖానల గూడ గిట్లనే చెవిల పెట్టి చూస్తరా?"

"చూస్తరట. పిల్ల పండుకున్నప్పుడే చూస్తరట. నొప్పేం ఉండదు."

"ఇనబడ్తలేదు అని చెప్తే?"

పండరి జేబులోంచి పెన్ను తీసి, దాని మూతతో పై ఫ్యాన్ నడుమ మెల్లగా ఒత్తాడు. రెక్కలు ఆగాయి. మోత ఆగలేదు.

"ఇది గాదు."

ముందు ఫ్యాన్ ఆపాడు. మోత అలాగే ఉంది.

"ఇది గూడ గాదు. ఇగ ఎనుకటిదే." టార్చి వేసి లోపలికి వంగాడు. "చూడు, గోడవుతలి సాంచాల దూదంత దీని మెడకే చుట్టుకున్నది. పాపం ఎట్ల తిరుగుతాందో ఏమో."

యమున లేచి వంటింట్లోకి పోయి, స్టీలు పళ్లెం, గంటె పట్టుకొచ్చింది.

"ఏందే అది?" అంది రాములవ్వ.

"గీ మోతల దానికేం ఇనబడ్తది అత్తమ్మా. ఇల్లు సల్లబడ్డంక ఒక్కసారి కొట్టి చూస్త. రేప్పొద్దటి దాక నాతోని గాదు." ఆమె పాప వెనుక మోకాళ్ల మీద కూర్చుంది. "ఆపే ముందు చెప్పు పండరి."

"సరే. నేను ఒత్తంగనే కొట్టు."

రాములవ్వ గింజలు తీయడం మానేసింది. యమున గంటె ఎత్తింది.

"ఒత్తుతాన," అని పండరి వెనుక ఫ్యాన్ నడుమ వేలు పెట్టాడు.

మోత తెగిపోయింది. ఇల్లంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. ఆ నిశ్శబ్దంలో, గంటె ఇంకా పళ్లేన్ని తాకకముందే, మహిత ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. కెవ్వున ఏడ్చింది.

"గంత గట్టిగ కొట్టినవేందే?" అంది రాములవ్వ.

"కొట్టలే అత్తమ్మా," అంది యమున. గంటె గాలిలోనే ఉంది.

ముగ్గురూ పాపనే చూస్తుండగా పండరి వేలు పట్టు తప్పింది. ఫ్యాన్ మళ్లీ గర్రుమంది. ఆ మోత చెవిన పడగానే మహిత ఏడుపు ఆపి, బొటనవేలు నోట్లో పెట్టుకుని, హాయిగా కళ్లు మూసుకుంది.