బియ్యం మూట

"అత్తమ్మా, పిల్లేది?" ఖాళీ చాప చూసి మంగ కెవ్వుమంది.

"సజ్జ మీదుంది. మొగులైంది గద, వానొచ్చేటట్టుంది," అంది బీరమ్మ.

ఆరు నెలల పాప గోడ సజ్జ మీద చీర మడతల్లో నిద్రపోతోంది. బీరమ్మ కింద నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నాలా పక్క గుడిసె ఇడిసి అశోక్‌నగర్ల మూడో అంతస్తుకొచ్చినం. ఇంత పైకి నీళ్లెట్ల వస్తయ్? దించు!" అంది మంగ.

"వాన పోయినంక."

"మరి బియ్యం మూట కిందనే ఉంచినవేంది? ముందు అదే ఎక్కిస్తరు గద!"

బీరమ్మ మూట వైపు చూడలేదు.

"నీ మొగనికి ఒక చెల్లె ఉండె. చాప మీద పండుకోబెట్టిన. నాలా పొంగితే ముందు బియ్యమే ఎక్కిచ్చిన. మళ్లి చూస్తే చాపొక్కటే తేలుతున్నది."

బయట చినుకులు మొదలయ్యాయి. మంగ వచ్చి, అత్త పక్కన తనూ చేతులు అడ్డం పెట్టింది.